అడగని బావ

"చింపిందెవరో తేలేదాకా నేను పొయ్యి దగ్గరికి వెళ్ళేది లేదు."

"వెళ్ళకపోతే మానెయ్యి. మధ్యాహ్నం మీ నాన్నొచ్చి పీట మీద కూర్చున్నాక ఆ మాట ఆయనతోనే చెప్పు," అంది అచ్చాయమ్మ, గేదె ముందు కుడితి గోలెం జరుపుతూ. "పొద్దున్నించీ ఒకటే గోల. ఒక పాత గుడ్డ కోసం ఇంత రభసా?"

"పాత గుడ్డా? అది నా ఎర్ర ఓణీ అమ్మా! అత్త కొన్నది. కంట్రోలు రాకముందు కొన్నది. ఇప్పుడలాంటిది కావాలంటే కొత్తపేటలో కాదు, కాకినాడలోనైనా దొరుకుతుందా?"

అదీ నిజమే. యుద్ధం అయిపోయి ఏడాది దాటింది గాని బట్ట మీద కంట్రోలు పోలేదు. కార్డు పట్టుకుని పూటంతా వరసలో నుంచున్నవాళ్ళకి చివరికి దక్కేది గోనెపట్టాకి చెల్లెలివరసయ్యే ముతక గుడ్డ. అలాంటి రోజుల్లో లోవమ్మ ఆ వాయిలు ఓణీని పెట్టె అడుగున కర్పూరం బిళ్ళలు వేసి దాచుకుంది. ఏ పెళ్ళికో పేరంటానికో తప్ప బయటికి తియ్యదు.

ఈ వేళ ముసురు కాస్త తెరిపిచ్చిందని పెరట్లోకి వచ్చి చూసేసరికి అది దండెం మీద ఉంది. ఓణీలా మాత్రం లేదు. సన్నగా, పొడుగ్గా చీలికై, ఒక కొసకి తాళ్ళు కుట్టించుకుని, మట్టి మరకలతో గాలికి ఊగుతోంది.

అది గోచీ. తాలింఖానాలో కసరత్తు చేసే కుర్రాళ్ళు కట్టుకునే గోచీ. ఆంజనేయస్వామి రంగని చెప్పి వస్తాదులు ఎరుపు తప్ప ఇంకోటి కట్టనివ్వరు.

"మనింట్లో గోచీ కట్టేవాడెవడు? నాన్న ఆ కర్రసాములూ కుస్తీలూ ఎప్పుడో మానేశాడు," అంది లోవమ్మ. అని, వసారాలో గోడకి జేరబడి దీపానికి వత్తులు చేసుకుంటున్న మామ్మవైపు తిరిగింది. నాయనమ్మ ఇంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

"మామ్మా!"

"ఏంటే?"

"ఇటు చూడు."

"చూడకపోతేనేం, వినపడుతోంది. నేనే ఇచ్చేను. భీమరాజుకిచ్చేను. చాలా?"

లోవమ్మకి ఒక్క క్షణం కోపం కూడా రాలేదు. అంత ఆశ్చర్యం.

భీమరాజు ఆమె మేనత్త కొడుకు. బోర్డు స్కూల్లో మాస్టారు. ఉద్యోగం కొత్తపేటలో పడ్డప్పటినుంచీ మేనమామ ఇంట్లోనే ఉంటున్నాడు. వీధి అరుగు మీద పడుకుంటాడు, వచ్చే జీతంలో సగం రాజోలు దగ్గర ఊళ్ళో ఉన్న తల్లికి పంపుతాడు. పేరు భీమరాజే గాని మనిషి మునక్కాడ. గోదావరి గాలి గట్టిగా వీస్తే చొక్కా ముందు వెళ్తుందా, ఆయన ముందు వెళ్తాడా అని బళ్ళో పిల్లలు పందాలు కాసుకుంటారు.

"బావ తాలింఖానాలో చేరేడా?"

"చేరేడమ్మా. వస్తాదు ఎర్ర గుడ్డ లేందే గోదాలో కాలు పెట్టనివ్వనన్నాడట. వాడి దగ్గర డబ్బెక్కడిది? ఉన్నా గుడ్డెక్కడిది? ముఖం వేళ్ళాడేసుకుని కూర్చుంటే చూళ్ళేకపోయాను. నీ పెట్టె తీసేను."

"నా పెట్టె తియ్యడానికి నువ్వెవరు?"

"ఓసి నీ రోషం కూలా! పరాయివాడికిచ్చేనా? రేపు తాళి కట్టేవాడికే ఇచ్చేను. మొగుడూ పెళ్ళాలయ్యేక నీ ఓణీ ఏంటి, వాడి గోచీ ఏంటి, చాకలికి అంతా ఒకటే మూట!"

"మామ్మా, ఛీ!"

"ఛీ ఏంటే? దసరాకి గుండెత్తితేనే పిల్లనిస్తానని మీ నాన్న వాడి గొంతు మీద కూర్చుంటే..."

"అత్తయ్యగారూ!" అని అరిచింది అచ్చాయమ్మ.

గేదె కూడా కుడితిలోంచి మూతి పైకి తీసింది.

"ఏ గుండు?" అంది లోవమ్మ. ఈసారి గొంతు పెద్దది కాలేదు. అది మరీ ప్రమాదమని తల్లికి తెలుసు.

అచ్చాయమ్మ చెయ్యి కడుక్కుంటూ, ముఖం చూడకుండా చెప్పింది. తాలింఖానా గోదా పక్కన గుండ్రాయి ఉంటుంది కదా, దసరానాడు కుర్రాళ్ళు భుజం మీదకి ఎత్తి వెనక్కి పడేస్తారే, అది. దాన్ని ఎత్తగలిగితే భీమరాజుకే పిల్లనిస్తానన్నాడు మీ నాన్న. లేకపోతే మలికిపురం వాళ్ళబ్బాయి అంజిబాబు ఉన్నాడు. కొబ్బరి వ్యాపారం. మనిషి బండలా ఉంటాడు.

"ఇదెప్పుడనుకున్నారు?"

"వినాయక చవితి అయిన మర్నాడు."

"బావేమన్నాడు?"

"ఏమంటాడు? 'అలాగేనండి మావయ్యా' అన్నాడు."

"మరి నన్ను?"

"నిన్నేంటి?"

"నన్నెవరూ అడగలేదేం?"

తల్లి నిజంగానే అర్థం కాక చూసింది. మామ్మ వత్తి చెయ్యడం ఆపింది. ఆ ఇంట్లో బావకి మరదల్నివ్వడమంటే పొద్దున్న లేచి పళ్ళు తోముకోవడంలాంటిది. అందులో అడగడానికి ఏముంటుంది?

ఇంతలో అచ్చాయమ్మకి ఇంకో సంగతి తట్టింది. "అయితే అత్తయ్యగారూ, రోజూ పాల మీద మీగడ పోతున్నది పిల్లివల్ల కాదన్నమాట!"

"కసరత్తు చేసేవాడికి పాలూ నెయ్యీ ఉండాలి," అంది మామ్మ తల వంచుకుని.

"పిల్లి తాగేస్తోందని నిన్న దాన్ని చీపురుతో కొట్టేను కదండీ!"

అత్తా కోడలూ అలా తగువులో పడ్డారు. లోవమ్మ ఆ గోచీని ముట్టుకోకుండా, దానివైపు చూడకుండా లోపలికి వెళ్ళి, పొయ్యిలో కట్టెలు ఒకదాని మీద ఒకటి విసిరింది. అన్నం వండింది గాని, ఆ పూట వంకాయ కూరలో పడ్డ కారం చూస్తే ఎవరి మీద వండిందో చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం తండ్రి జగ్గారావు వచ్చి మొదటి ముద్ద పెట్టుకోగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇదేం కూరే?"

"బలం కోసం నాన్నా. మనింట్లో అందరూ బలం మీద పడ్డారు కదా."

జగ్గారావు భార్యవైపు చూశాడు. భార్య అటకవైపు చూసింది. సంగతి బయటపడిందని ఆయనకి అర్థమైంది.

"అవును, చెప్పేను. అయితే ఏంటంట?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకెందుకు చెప్పాలి? గుండెత్తేది నువ్వా, వాడా?"

"ఎత్తితే ఎవరినిస్తావు? గేదెనా?"

"లోవా!" ఆయన ఎడంచేత్తో పీట మీద చరిచాడు. చెంబు ఎగిరిపడింది. "నోరు చాలా లేస్తోంది. మీ అత్త బతుకు చూసేవా? మా బావా ఇలాగే చీపురుపుల్లలా ఉండేవాడు. మంచివాడు, చదువుకున్నవాడు అని మా నాన్న చేసేడు. ఏమైంది? దగ్గొచ్చింది, పడుకున్నాడు, పోయాడు. భీమరాజు అప్పటికి పాలు తాగుతున్నాడు. నా చెల్లెలు ఆ వయసులో ఇంటికొచ్చి, ఇదిగో, ఈ గుమ్మంలో కూలబడింది. అది నేను చూసేను. నా కూతురు అలా కూలబడితే చూళ్ళేను. వాడికి ఆస్తి లేదు, పోనీ అన్నాను. ఒంట్లో సత్తువైనా ఉండొద్దా?"

తండ్రి గొంతు చివర్లో వణికింది. అది లోవమ్మకి వినపడింది. కాని కోపమనేది పాలపొంగులాంటిది కాదు, నీళ్ళు చల్లితే దిగిపోవడానికి.

"ఆ మాట నాతో అనొచ్చు కదా నాన్నా. నన్ను కూర్చోబెట్టి చెప్పొచ్చు కదా. గోదాలో పందెం పెడతావా నన్ను?"

"పందెం కాదే..."

"మరేంటి? మలికిపురం ఆయన కూడా వచ్చి ఎత్తుతాడా? ఇంకెవరైనా ఎత్తితే?"

జగ్గారావు సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన్ని తిండి మీద నుంచి లేపినందుకు అచ్చాయమ్మ కూతురి మీద కోప్పడింది. మనవరాలిని ఏడిపించినందుకు మామ్మ కొడుకుని తిట్టింది. లోవమ్మ ఏడవలేదు. అంట్లు తోమింది. ఆ తోముడుకి ఇత్తడి గిన్నెలు అద్దాలయ్యాయి.

సాయంత్రం బడి వదిలాక భీమరాజు దొడ్డిదారిన వచ్చి, దండెం మీద ఆరిన గుడ్డ తీసుకుని, అలికిడి లేకుండా వెళ్ళిపోయాడు. లోవమ్మ చూసేసరికి దండెం బోసిగా ఉంది. ఆకాశం మళ్ళీ ముసురుకుంటోంది.

ఆమె తాటాకు గొడుగు తీసుకుంది.

"ఎక్కడికే?" అంది తల్లి.

"నా ఓణీ వెనకాల!"

తాలింఖానా ఊరి చివర కాలవగట్టు మీద ఉంది. పైన తాటాకు పాక, చుట్టూ నిలువెత్తు దడి, మధ్యలో మెత్తగా తవ్విన మట్టి గోదా. ఆడవాళ్ళు ఆ ఛాయలకి వెళ్ళరు. దడి పక్కనుంచి నడవాల్సొస్తే తల వంచుకుని అవతలిగట్టు ఎక్కుతారు. లోవమ్మ వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. లోపల నేలకి వంగి దండీలు తీస్తున్న వాళ్ళ ఊపిరి బుసలు, బరువైన కొయ్య సంగడీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"బావా! బయటికి రా!"

లోపల చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది.

"ఎవరండీ?" అంది ఒక ముసలి గొంతు. దడి తలుపు జానెడు తెరిచి ముసలయ్య వస్తాదు తల బయటపెట్టాడు. తెల్లటి మీసాలు, మెడలో తులసిపూసల తావళం. ఆయన జగ్గారావుకి కూడా గురువు. "జగ్గారావుగారి అమ్మాయిగారా! ఇటు రాకూడదండీ తల్లీ. స్వామివారి చోటు."

"నేను లోపలికి రానండి తాతగారూ. మా బావని బయటికి రమ్మనండి."

"ఆయన రాలేడండీ."

"ఎందుకు రాలేడండీ?"

వస్తాదు ఇబ్బందిగా మీసం సవరించుకున్నాడు. "గోచీ మీదున్నాడు తల్లీ."

"ఆ గోచీ నాదేనండీ!"

లోపల ఎవడో ఫక్కుమన్నాడు. ఆ వెంటనే పాక కప్పు లేచిపోయేంత నవ్వు.

"మాస్టారూ! ఇంటివారు గుడ్డ తీసుకుపోడానికొచ్చేరండోయ్!" అని అరిచాడు రాజబాబు అనే కుర్రాడు. "ఇచ్చేయండి మరి!"

"ఇచ్చేస్తే దసరా వేషాలు ఇక్కడే మొదలవుతాయిరా!" అన్నాడు ఇంకొకడు.

"నోళ్ళు ముయ్యండెహే!" అన్నాడు వస్తాదు. "పొండి, అందరూ కాలవ రేవులోకి పొండి. సంగడీలు ఇక్కడే పడెయ్యండి."

"ఆయ్, వానండీ వస్తాదుగారూ..."

"కరిగిపోతారా? పొండి!"

అందరూ నవ్వుకుంటూ వెనకదారిన వెళ్ళారు. వస్తాదు కూడా వెళ్ళాడు. వెళ్తూ, "మాస్టారూ, ఇక్కడ మా శిష్యులు ఏనుగులాంటివాళ్ళని పడగొట్టేరు గాని, మీరు చిక్కిన పట్టు వేరేలా ఉంది," అన్నాడు. లోవమ్మ చెవులు వేడెక్కిపోయాయి. ఇందాకటిదాకా ఒక కోపం. ఇప్పుడు దానిమీద సిగ్గు. రెండూ కలిస్తే మనిషికి నిలవడం కష్టం.

"లోవా," అంది దడి అవతలనుంచి ఒక నెమ్మది గొంతు.

"మాట్లాడకు!"

"సరే."

కాసేపు వాన మాత్రం మాట్లాడింది.

"మాట్లాడవేం?" అంది లోవమ్మ.

"నువ్వే కదా..."

"ఆ ఓణీ నాది. మీ అమ్మ నాకు కొన్నది."

"నిజంగా తెలీదు. అమ్మమ్మ ఏదో చినిగిన గుడ్డ అంది. నీదని తెలిస్తే కట్టుకునేవాణ్ణి కాదు." ఆగి, "ఇప్పుడు విప్పలేను," అన్నాడు.

ఆమెకి నవ్వు రాబోయింది. దాన్ని పళ్ళకింద పెట్టి నొక్కేసింది.

"బాదంపప్పు తింటే బలమంటారు కదా వస్తాదుగారు? కొంటున్నావా?"

"ఎక్కడ కొనను? దానికి బదులు కొబ్బరిముక్క తింటున్నాను. నానబెట్టిన శనగలు తింటున్నాను. నెయ్యికి బదులు..."

"మా మీగడ."

"అది అమ్మమ్మే బలవంతంగా..."

"పిల్లి దెబ్బలు తింది నీవల్ల!"

"పిల్లికి క్షమాపణ చెప్తాను."

"వేళాకోళమా? నాకు ఒళ్ళు మండిపోతోంటే వేళాకోళమా? బావా, నేనేమన్నా ఆ గోదా పక్కన పడున్న గుండునా? ఎత్తినవాడు ఎత్తుకుపోవడానికి?"

ఆమె అరచేత్తో దడి మీద చరిచింది.

"మా నాన్న అన్నాడు, నువ్వు తలూపేవు. ఇద్దరూ బేరం కుదుర్చుకున్నారు. నాతో ఒక్క మాట?"

"నీకు తెలుసనుకున్నాను."

"ఎవరు చెప్తారు?"

"చిన్నప్పట్నించీ అందరూ అనుకుంటున్నదే కదా లోవా."

"అందరూ అనుకున్నారు. నువ్వూ అనుకున్నావు. నేనేం అనుకుంటున్నానో ఎవరైనా అనుకున్నారా?"

"నేనూ మనిషినే!" భీమరాజు గొంతు హఠాత్తుగా లేచింది. ఆ గొంతు అలా లేవగలదని ఆమెకి అంతవరకూ తెలీదు. "తెల్లారకుండా లేచి ఈ గోదా నేనే తవ్వుతున్నాను. కొత్తవాడు తవ్వాలట. వేపాకు నూరి పసుపూ నూనే కలిపి మట్టిలో తొక్కేది నేనే. డబ్బియ్యలేనివాడు ఒళ్ళొంచాలి కదా! బళ్ళో సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, పిల్లలు నవ్వుతున్నారు. రాజబాబు రోజూ నన్ను ఎత్తి పడేస్తున్నాడు. నోటినిండా మట్టి. ఇదంతా ఎవరికోసం? నాకు సరదానా?"

"నేను చెయ్యమన్నానా?"

"లేదు."

"చెయ్యమంటావా అని నువ్వడిగేవా?"

వాన జోరందుకుంది. తాటాకుల మధ్య సందులోంచి ఒక కన్ను కనపడింది. రెప్పల మీద ఎర్రమట్టి, దానిమీంచి జారుతున్న వాననీళ్ళు. ఆ కన్ను తప్పుచేసి గోడకి నుంచున్న పిల్లవాడి కన్నులా ఉంది. లోవమ్మ గొడుగు కొంచెం పక్కకి ఒరిగింది. భుజం తడుస్తోందని ఆమెకి తెలీలేదు.

"లేదు," అన్నాడు భీమరాజు. "అడగలేదు. అడగాలని తోచలేదు. నిన్ను తప్ప ఇంకొకర్ని... అసలు ఇంకో ఆలోచనే లేదు. అందుకని నీకూ ఉండదనుకున్నాను."

ఆమె కాలి బొటనవేలితో బురద గీకింది.

"ఇప్పుడడగనా?"

"దడి చాటునుంచా? నా ఓణీ కట్టుకునా?" గొడుగు మళ్ళీ నిటారుగా నిలబడింది. "ఇక్కడ కాదు. పంచె కట్టుకుని మా ఇంటికొచ్చి, అందరి ఎదురుగా అడుగు. మా నాన్ననడక్కు. నన్నడుగు. అడిగే ధైర్యం లేనివాడు ఆ గుండెత్తి ఏంచేస్తాడు?"

బురద చిమ్ముతూ గట్టుదిగి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని మాత్రం గట్టు మలుపుదాకా అనిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టగానే అందరూ భోజనానికి కూర్చున్నారు. లోవమ్మ వడ్డించింది. భీమరాజు మావయ్య పక్కన కూర్చున్నాడు. పప్పు వేసినప్పుడు తలెత్తాడు. పులుసు పోసినప్పుడు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. చెయ్యి కడుక్కుని అరుగు మీదకి వెళ్ళిపోయాడు.

లోవమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న రేకుపెట్టె భుజాన పెట్టుకుని, "బడికి దగ్గరగా గది దొరికిందండి మావయ్యా, అక్కడుంటాను," అని చెప్పి వెళ్ళిపోయాడు. లోవమ్మవైపు చూశాడు. ఆమె కావాలని గోడవైపు తిరిగింది. ఆయన ఏదన్నా చెప్పబోయాడేమో కూడా ఆమెకి తెలీదు.

"చూసేవా, పారిపోయేడు," అన్నాడు జగ్గారావు నాలుగు రోజులు పోయాక. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు. అదీ ఆమెకి కోపం తెప్పించింది. "తాలింఖానాకీ రావట్లేదట. వస్తాదు చెప్పేడు. మలికిపురం వాళ్ళు దశమినాడు వస్తామని కబురంపేరు. రమ్మంటున్నాను."

"నీ నోరే!" అంది మామ్మ మనవరాలితో. "ఆ నోటికి జడిసే పారిపోయేడు. బంగారంలాంటి పిల్లాడు. ఒక గుడ్డముక్క కోసం!"

"గుడ్డ కోసం కాదు మామ్మా."

"మరెందుకే?"

చెబితే ఎవరికి అర్థమవుతుంది? లోవమ్మ రేవులో బట్టలు బండకేసి బాదింది. పక్కబండ మీద ఉతుకుతున్న పక్కింటి సత్యవతి దూరం జరిగి కూర్చుంది. దండెం ఖాళీగా కనపడితే కోపం. అరుగు ఖాళీగా కనపడితే కోపం. పాల మీద మీగడ దళసరిగా, ఎవరూ ముట్టుకోకుండా తేలుతుంటే దానిమీదా కోపం. ఒకసారి సిగ్గు విడిచి దడిదాకా వెళ్ళాను, ఇంక చాలు అనుకుంది. మళ్ళీ వెళ్ళమంటే వెళ్ళేదే అని లోపల ఎవరో అన్నారు. వాళ్ళమీదా కోపమొచ్చింది.

దశమి ఇంకా రెండు రోజులుందనగా, ఆదివారం సాయంత్రం, అందరూ వంటింటి వసారాలో పీటలు వాల్చుకునే వేళకి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

భీమరాజు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా. ముఖం పీక్కుపోయి ఉంది. వేళ్ళ మీద కాలిన మచ్చలు. పొయ్యి అలవాటు లేని వాళ్ళ చేతికే అలాంటి మచ్చలుంటాయి.

"రారా, కూర్చో. అన్నం తిను," అంది మామ్మ ఆత్రంగా.

"తర్వాతమ్మమ్మా. ముందొక మాటుంది." నుంచునే ఉన్నాడు. "మావయ్యా, కోప్పడకండి. ఆవేళే అడుగుదామనుకున్నాను. మీ పక్కన కూర్చుని, మీ అన్నం తింటూ, మీ మాట కాదనడానికి నోరు రాలేదు. అందుకని గది తీసుకున్నాను. వండుకోవడం చేతకాక, దానికే వేళంతా సరిపోయి, తాలింఖానాకి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు కొంచెం కుదిరింది. అన్నం మాడట్లేదు."

"ఏమడుగుదామని?" అన్నాడు జగ్గారావు.

"మిమ్మల్ని కాదండి."

ఆయన లోవమ్మవైపు తిరిగాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని ఉంది. చేతిలో చారు గిన్నె. దీపం వెలుగు ఆయన ముఖం మీద సగమే పడుతోంది. ఆ సగంలో చెమట.

"లోవా, నాకు నువ్వంటే ఇష్టం. చిన్నప్పట్నించీ. చెప్పాలని తెలీక చెప్పలేదు. నన్ను చేసుకోవడం నీకిష్టమేనా? కాకపోతే కాదని చెప్పు. నేనేం అనుకోను." ఒక క్షణం ఆగాడు. "అంటే, అనుకుంటాను. చాలా అనుకుంటాను. కాని నీ మీద అనుకోను."

అచ్చాయమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆ ఇంట్లో అలాంటి ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగగా ఆమె ఎన్నడూ వినలేదు.

"ముందు గుండెత్తు! ఎత్తేక అడుగు!" అన్నాడు జగ్గారావు.

"ఎత్తనండి మావయ్యా." చాలా నెమ్మదిగా అన్నాడు. "దసరాకి ఎత్తలేను కూడా. వచ్చే దసరాకి చూద్దాం అంటున్నారు వస్తాదుగారు. రేపట్నించి మళ్ళీ వెళ్తాను, మానను. వెళ్ళినన్నాళ్ళూ ఆకలేసేది, నిద్రపట్టేది, ఒంటికి బావుండేది. మా నాన్నలా అయిపోతానని మీకు భయమని నాకు తెలుసు. నాకూ భయమే. అందుకు వెళ్తాను. లోవకోసం మాత్రం ఎత్తను."

జగ్గారావు ఏదో అనబోయాడు. చెల్లెలి మొగుడి మాట వచ్చాక ఆయన ఇంక గుండు ఊసెత్తలేదు. పీట మీద సర్దుకు కూర్చుని, "అది చెప్పదేం మరి? చెప్పవే!" అన్నాడు కూతురి మీద విసుక్కుంటూ.

ఇన్నాళ్ళూ మోసిన కోపాన్ని ఇప్పుడెక్కడ దింపాలో లోవమ్మకి తెలీలేదు. వెతుక్కుంది. దొరకలేదు.

"అడిగినప్పుడు ఆలోచించుకోవాలి కదా నాన్నా," అంది. "కూర్చో బావా. అందరూ తినండి."

"ఆలోచనేంటే నీ మొహం!" అంది మామ్మ.

భీమరాజు కూర్చున్నాడు. ముద్ద కలిపాడు గాని నోటిదాకా పోలేదు. లోవమ్మ తొందరపడలేదు. తండ్రికి పప్పు వేసింది. మామ్మకి మెతుకులు మెత్తగా చిదిపి పెట్టింది. తల్లిని కూడా కూర్చోమని వడ్డించింది. బావ విస్తట్లో కూర వేస్తున్నప్పుడు ఆయన తలెత్తి చూశాడు. ఆమె చూడలేదు. గరిటె మాత్రం ఇంకొకసారి వేసింది. చూరులోంచి జారే వానచుక్కల చప్పుడు వినపడుతోంది.

చారు పోయడం అయ్యాక ఆమె తండ్రి పక్కన ఆగింది.

"మలికిపురం వాళ్ళని రావద్దని రేపే కబురంపు నాన్నా," అంది, ఇంకొంచెం కావాలా అని అడిగినంత మామూలుగా. "నేను బావని చేసుకుంటున్నాను."